నాలుగు సార్లు సెమన్ వేయించినా బర్రె సూడి కట్టడం లేదు, ఎక్కడ తప్పుతున్నాను?

రెండు బర్రెల ఇల్లు, శాయంపేట
నవంబర్ 9

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ జిల్లా శాయంపేట మండలం. రెండెకరాల పత్తి, ఎకరం వరి, రెండు బర్రెలు. పత్తి డబ్బు ఏడాదికోసారి చేతికొస్తుంది, అదీ అప్పులకే పోతుంది. పిల్లల ఫీజు, గ్యాస్ బండ, మా అత్తమ్మ బీపీ గోలీలు అన్నీ పదిహేను రోజులకు వచ్చే పాల బిల్లు మీదే నడుస్తాయి. అందుకే ఈ సంగతి నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

పెద్ద బర్రె గ్రేడెడ్ ముర్రా (ముర్రా జాతి కలిసింది), రెండో ఈత. జూన్ 8న ఈనింది, పెయ్యదూడ. దూడ తర్వాత పడాల్సిన మాయ పడలేదు. రాత్రంతా చూశాం, పొద్దున ఊళ్లో ఒకాయన చేయి పెట్టి లాగి తీశాడు. తర్వాత వారం రోజులు వాసనతో మైల కారింది, జ్వరం వచ్చింది, మేత ముట్టలేదు. సూదులు వేయిస్తే కోలుకుంది, పాలు మాత్రం అనుకున్నంత రాలేదు. ఇప్పుడు రెండు పూటలకు కలిపి 5 లీటర్లు.

ఆగస్టు 2న మొదటిసారి సెమన్, అంటే దున్నపోతు వీర్యం, వేయించాను. నిలవలేదు. సెప్టెంబర్ 6న రెండోసారి, సెప్టెంబర్ 18న మూడోసారి, అక్టోబర్ 30న నాలుగోసారి. తేదీలు గుర్తున్నాయంటే గోడ మీద క్యాలెండర్‌లో పాల లెక్క పక్కనే రాసుకుంటాను కాబట్టి. ఈ నాలుగోది నిలిచిందో లేదో ఇంకా తెలియదు, కానీ నాకు నమ్మకం పోయింది.

చిన్న బర్రె తొలిచూలు. దానికి ఫిబ్రవరిలో ఒక్కసారి వేయిస్తే నిలిచింది, ఇంకో నెలలో ఈనుతుంది. అదే కొట్టం, అదే మేత, సెమన్ వేసింది కూడా అదే మనిషి. మరి దీనికేమైంది? మా ఆయన దీన్ని సంతలో అమ్ముదాం అంటున్నారు. బేరగాడు కూడా వచ్చి చూసి వెళ్లాడు. నాకు మనసొప్పడం లేదు. స్ట్రా (వీర్యం ఉండే సన్న గొట్టం) మార్చమనాలా, వేరే మనిషిని పిలవాలా, తెలిసినవాళ్లు చెప్పండి.

పాల క్యాన్, రేగొండ
నవంబర్ 9

అక్కా, ఎందుకంత తిప్పలు, పక్క ఊళ్లో మంచి దున్నపోతు ఉంటే తోలుకపోయి దాటించండి. మా నాయన కాలంలో సెమన్ ఎక్కడిది? మా బర్రె మూడుసార్లు సెమన్‌కు నిలవలేదు, దున్నపోతుకు ఒక్కసారికే నిలిచింది.

పాత గోపాలమిత్ర, హుస్నాబాద్
నవంబర్ 9

చెల్లె, ముందు ఒక మాట. బర్రెను అమ్మకు. నువ్వు రాసిన తేదీలే సగం జవాబు చెబుతున్నాయి. నేను 18 ఏళ్లు గోపాలమిత్రగా, సెమన్ కంటైనర్ మోసుకుని ఊరూరా పశువులకు సెమన్ వేస్తూ తిరిగినవాణ్ని. వంద ఇళ్లలో అడిగితే నాలుగు ఇళ్లలో కూడా తేదీలు చెప్పలేరు, నువ్వు చెప్పావు. అందుకే కూర్చుని లెక్క కట్టాను.

బర్రె అయినా ఆవు అయినా సుమారు 21 రోజులకోసారి ఎదకు వస్తుంది. మూడు రోజులు అటూ ఇటూ, 18 నుంచి 24 రోజుల మధ్య. ఇప్పుడు చూడు. సెప్టెంబర్ 18 నుంచి అక్టోబర్ 30కి 42 రోజులు, అంటే సరిగ్గా రెండు 21లు. ఆ రెండూ నిజమైన ఎదలే. మధ్యలో అక్టోబర్ 9 ప్రాంతంలో ఒక ఎద వచ్చి, మీరు చూడకుండానే పోయింది. సెప్టెంబర్ 6కూ 18కీ మధ్య 12 రోజులే. 12 రోజులకు మళ్లీ ఎద రాదు. కాబట్టి సెప్టెంబర్ 6న బర్రె ఎదలో లేదు. ఆ రోజు బంగారం లాంటి స్ట్రా వేసినా నిలవదు. ఇక ఆగస్టు 2 అంటే ఈనిన 55 రోజులకే, అదీ మాయ లాగిన కడుపు. అప్పుడే వేయించకుండా ఉండాల్సింది. గర్భసంచి మామూలు స్థితికి రావడానికి కనీసం రెండు నెలలు ఆగుతారు, ఇలాంటి దానికి ఇంకా ఎక్కువ ఆగాలి, డాక్టర్ చేయి పెట్టి చూసి సరే అన్నాకే వేయించాలి.

అంటే నాలుగు సార్లు అని నువ్వు అనుకుంటున్నావు గానీ, నా లెక్కలో సరైన ఛాన్సులు రెండే. మన దగ్గర సెమన్ వేసిన పశువుల్లో మూడింట ఒకటి నిలిస్తే మామూలే అనుకుంటారు. ఆ రెండిట్లో ఒకటి పోయింది, నాలుగోది ఇంకా తేలనే లేదు, అప్పుడే బర్రె మీద నింద వేయకు.

సెప్టెంబర్ 6న ఏం చూసి ఫోన్ చేశావు?

రేగొండ తమ్మీ, దున్నపోతు మాట నేను కొట్టిపారేయను. దున్నపోతు ఎదను పసిగడుతుంది, సరైన గంటకు దాటుతుంది. దాని గొప్పతనం అదే. మనం ఆ పని కళ్లతో చేయాలి. కానీ ఊళ్లో తిరిగే దున్న ఒక బర్రె రోగాన్ని ఇంకో బర్రెకు అంటిస్తుంది. మూడు నాలుగేళ్లు అదే దున్న ఉంటే దాని బిడ్డలనే అది దాటుతుంది. దున్నను పట్టుకుని వాసన చూపించి, ఎదలో ఉందో లేదో తెలుసుకుని, తర్వాత సెమన్ వేయిస్తే అది తెలివైన పని.

రెండు బర్రెల ఇల్లు, శాయంపేట
నవంబర్ 10

అన్నా, నేను మళ్లీ మళ్లీ చదివాను. సెప్టెంబర్ 6న బర్రె అరిచింది, పూటకు లీటరు పాలు తగ్గాయి, సరిగా చేపలేదు. పాలు తగ్గితే ఎదకు వచ్చినట్టే అని విన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, అంతకు ముందురోజే పల్లి చెక్క అయిపోయి వట్టి తవుడు పెట్టాను. అందుకే తగ్గాయేమో. మానం నుంచి జారే జిగట తీగలు అయితే నేను చూడలేదు.

ఇంకో సంగతి. సెమన్ వేసే ఆయనకు ఏడెనిమిది ఊళ్లు ఉన్నాయి. పొద్దున ఆరింటికి ఫోన్ చేస్తే ఒక్కోసారి మధ్యాహ్నం రెండింటికి వస్తారు. ఆయన వచ్చే దాకా రోడ్డు పక్కన వేపచెట్టు దగ్గర కట్టేస్తాను, నీడ తిరిగిపోతే ఎండలోనే ఉంటుంది. నేను పత్తి ఏరడానికి పోతే మా అత్తమ్మే పట్టుకుంటుంది.

ఆయన స్ట్రాను కంటైనర్‌లోంచి తీసి రెండు అరచేతుల మధ్య రుద్ది సెమన్ వేసే గన్‌లో పెట్టారు. అది తప్పా?

పాత గోపాలమిత్ర, హుస్నాబాద్
నవంబర్ 10

తప్పే చెల్లె. ఆయన మీద కోపం తెచ్చుకోకు. తొందరలో చాలామంది అలాగే చేస్తారు. కొత్తలో నేనూ చేశాను, తర్వాత ట్రైనింగ్‌లో మైక్రోస్కోప్ కింద చూపిస్తే ఆపేశాను.

స్ట్రాలో ఉండేది 0.25 మిల్లీలీటర్లు, నాలుగైదు బొట్లంత. అది నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉంటుంది. దాన్ని 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో 30 సెకన్లు ముంచాలి. అరచేతిలో నెమ్మదిగా, ఎగుడుదిగుడుగా కరిగితే లోపల మంచు ముక్కలు కణాలను చీల్చేస్తాయి. కరిగాక పొడి గుడ్డతో తుడవాలి. నీటి బొట్టు తగిలినా ఆ వీర్యం చచ్చిపోతుంది. తుడిచాక గన్‌లో పెట్టి వెంటనే వేయాలి, మధ్యలో ఫోన్ మాట్లాడకూడదు. ఎండ తగలకూడదు. ఆయన వచ్చేసరికి నువ్వే ఫ్లాస్క్‌లో గోరువెచ్చని నీళ్లు సిద్ధంగా పెట్టు. మణికట్టు లోపలి వైపు పోసుకుంటే చల్లగానూ వేడిగానూ అనిపించకూడదు, అది సుమారు 37. థర్మామీటర్ ఉంటే ఇంకా మంచిది. ఇంట్లో నీళ్లు తయారుగా ఉంటే ఎవరూ వద్దనరు. నేను తిరిగిన రోజుల్లో ఒక్క అవ్వ మాత్రం చెంబులో వేడినీళ్లు, సబ్బు, ఉతికిన తువ్వాల పెట్టుకుని కూర్చునేది. ఆ ఇంట్లో నేను తప్పు చేయలేకపోయేవాణ్ని.

స్ట్రా మార్చమనాలా అని అడిగావు. స్ట్రా మీద దున్న నంబరు, జాతి, తయారైన చోటు ముద్రించి ఉంటాయి. మనకు కరీంనగర్‌లోని ఘనీకృత వీర్య కేంద్రం నుంచి వస్తాయి. పరీక్ష చేసే పంపుతారు, దాని మీద అనుమానం పెట్టుకోకు. కానీ ఆ నంబరు క్యాలెండర్‌లో రాసుకో. రేపు దీని దూడ పెరిగి ఎదకు వచ్చినప్పుడు అదే నంబరు వేయించకుండా ఉండటానికి అక్కరకొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆవు ఎదకు వస్తే ఊరంతా తెలుస్తుంది, ఎక్కుతుంది, ఎక్కించుకుంటుంది, తీగలు వేలాడతాయి. బర్రె అలా కాదు. బర్రె ఎద చాలావరకు మూగ ఎద, అదీ రాత్రిపూట. తీగ కిందికి వేలాడదు, పడుకున్నప్పుడు నేల మీద పడుతుంది, తోకకు, తొడకు అంటుకుని పొద్దున్నకు ఎండిపోతుంది. నువ్వు ఆరింటికి పాలు పిండేటప్పుడు చూసే సరికి సగం కథ అయిపోయి ఉంటుంది. కాబట్టి మూడు పూటలు చూడు. రాత్రి పడుకునే ముందు, తెల్లారుజామున నాలుగింటికి, సాయంత్రం. టార్చి పట్టుకుని వెనక నేల చూడు. తోక ఎత్తి మానం చూడు, వాచి ముడతలు పోయి ఉంటుంది, లోపల ఎర్రగా తడిగా ఉంటుంది. కొంచెం కొంచెం ఉచ్చ పోస్తుంది. చన్నులు బిగుసుకుంటాయి. పాలు తగ్గడం ఒక్కటే చూసి పిలవకు. ఈ గుర్తుల్లో రెండు మూడు కలవాలి.

టైము సంగతి. పొద్దున ఎద మొదలైతే సాయంత్రం, సాయంత్రం మొదలైతే మర్నాడు పొద్దున అంటారు. అది మొదలైన గంట నుంచి లెక్క, మనం చూసిన గంట నుంచి కాదు. ఎద అయిపోయాక పది పన్నెండు గంటలకు అండం విడుదలవుతుంది. అండం బతికేది కొన్ని గంటలే. వీర్యం ముందే లోపల చేరి ఎదురుచూస్తూ ఉండాలి. నాలుగింటికి టార్చి వెలుగులో తడి తీగ చూస్తే ఆ రోజు మధ్యాహ్నం, సాయంత్రం మధ్య వేయించుకోవచ్చు. ఆరింటికి ఎండిపోయిన తీగ చూస్తే సాయంత్రం దాకా ఆగకు. ఎద రాత్రే మొదలైందని చెప్పి తొందరగా రమ్మను.

నాలుగోది నిలవకపోతే నవంబర్ 20 ప్రాంతంలో మళ్లీ వస్తుంది. 17 నుంచి 23 దాకా కొట్టంలో పడుకో, లేదా అలారం పెట్టుకో. నవంబర్ అంటే బర్రెలకు మంచి కాలం. దసరా నుంచి శివరాత్రి దాకా ఎద బాగా బయటపడుతుంది, బాగా నిలుస్తుంది. మీ చిన్నది ఫిబ్రవరిలో ఒక్కసారికే నిలిచిందంటే అదీ ఒక కారణం. ఆగస్టు ఉక్కలో పెద్దదానికి ఆ వీలు లేదు. నల్ల తోలు, చెమట తక్కువ, వేడికి తట్టుకోలేదు. వేయించిన రోజు నీడన కట్టి రెండు మూడు బకెట్లు నీళ్లు పోయి. దూరం నడిపించకు, బెదిరించకు. పడుకోనివ్వకూడదు అని కొందరు నిలబెడతారు, అది అక్కర్లేదు.

పశువైద్యుడు, జనగామ
నవంబర్ 11

అమ్మా, గోపాలమిత్ర గారు చెప్పింది అంతా సరైనదే. నేను మాయ దగ్గర ఆగాను. ఈనిన 12 గంటల్లోపు మాయ పడిపోవాలి. పడకపోతే డాక్టర్‌ను పిలవాలి గానీ చేయి పెట్టి పీకించకూడదు. మాయ గర్భసంచికి గుండీల్లా అతుక్కుని ఉంటుంది. లాగితే లోపల గాయమై చీము పడుతుంది. పైకి ఆరోగ్యంగా కనిపిస్తుంది, సరిగా ఎదకు వస్తుంది, కానీ పిండం నిలవదు. మీ బర్రెది ఇదే కథ అయి ఉండే అవకాశం ఎక్కువ.

ఈసారి ఎద తీగను శుభ్రమైన గాజు గ్లాసులోకో స్టీలు పళ్లెంలోకో తీసుకుని పగటి వెలుగులో చూడండి. గుడ్డు తెల్లసొనలా పారదర్శకంగా ఉంటే వేయించండి. అందులో తెల్లటి పోగులు, విరిగిన పాలలాంటి తునకలు, చిన్న మచ్చ కనిపించినా ఆ ఎదకు సెమన్ వేయించకండి. ఒక ఎద పోతుందని బాధపడతారు, నాకు తెలుసు. కానీ చీములో వేస్తే ఆ స్ట్రా దండగే. మందు వేయించి తర్వాతి ఎదకు వేయించడమే మేలు.

మెడికల్ షాపులో ఎవరో చెప్పారని హార్మోన్ సూది తెచ్చి పొడిపించకండి. ఎద రప్పించే ఒక రకం సూది సూడి పశువుకు వేస్తే కడుపు పోతుంది. మీ బర్రెకు ఇంకా నాలుగోసారి తేలలేదు.

మేతలో వరిగడ్డి ఎంత, పచ్చిమేత ఎంత? వరిగడ్డిలో భాస్వరం తక్కువ. అదే పెడుతూ పోతే ఎద బలహీనమవుతుంది. మినరల్ మిక్చర్ రోజుకు 50 గ్రాములు కుడితిలో కలపండి. మీ వైపు చెరువు కింద మేపితే నత్తల వల్ల కార్జపు జలగ (కాలేయంలో చేరే పురుగు) పడుతుంది. ఒకసారి పెండ పరీక్ష చేయించండి.

రెండు బర్రెల ఇల్లు, శాయంపేట
నవంబర్ 22

డాక్టర్ గారూ, అన్నా, జరిగింది చెబుతాను.

19వ తేదీ నుంచి కొట్టంలో మంచం వేసుకున్నాను. అలవాటు లేక మొదటి రాత్రి నిద్ర పట్టలేదు. 21న తెల్లారుజామున మూడున్నరకు బర్రె లేచి నిలబడి ఉంది, కింద జానెడు తడి. టార్చి వేసి చూస్తే తీగ. నాకు ఎంత సంతోషం అయిందో. స్టీలు పళ్లెంలో పట్టాను. తెల్లారాక వాకిట్లో వెలుగులో చూస్తే రెండు చోట్ల తెల్లగా, పెరుగు పలుకుల్లా ఉన్నాయి.

నాకు ఏడుపొచ్చింది. మా ఆయన వేయించు, ఎలాగూ వచ్చింది కదా అన్నారు. నేను వద్దన్నాను. పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేస్తే మధ్యాహ్నానికి వ్యాన్ వచ్చింది. డాక్టర్ చేయి పెట్టి చూసి, గర్భసంచిలో ఇన్‌ఫెక్షన్ ఉందన్నారు, లోపలికి మందు ఎక్కించారు, మళ్లీ ఎక్కించాలని చెప్పారు. పెండ తీసుకెళ్లి పరీక్షిస్తే కార్జపు జలగ గుడ్లు కనిపించాయట. దానికీ మందు ఇచ్చారు. మేము నిజంగానే చెరువు కట్ట కింద మేపుతాం.

మినరల్ మిక్చర్ తెచ్చాను. బాయి కాడ గట్టు మీద రెండు సాళ్లు సూపర్ నేపియర్ పచ్చిగడ్డి పెట్టాను.

పాత గోపాలమిత్ర, హుస్నాబాద్
నవంబర్ 22

చెల్లె, ఆ రోజు వద్దన్నావు చూడు, అది నాలాంటివాడు 18 ఏళ్లలో సరిగా నేర్పలేకపోయిన సంగతి. డిసెంబర్ 12 ప్రాంతం రాసుకో.

రెండు బర్రెల ఇల్లు, శాయంపేట
డిసెంబర్ 14

12న వచ్చింది, రాత్రి పన్నెండు దాటాక. తీగ అద్దంలా ఉంది, పళ్లెం అడుగు కనిపించింది. ఐదింటికే ఫోన్ చేసి, రాత్రే మొదలైందన్నా అని చెప్పాను. ఆయన పదకొండుకు వచ్చారు. ఫ్లాస్క్ చూసి ముందు కొంచెం చిన్నబోయారు, తర్వాత ఆయనే గడియారం చూసి 30 సెకన్లు లెక్కపెట్టారు. అత్తమ్మ తోక పట్టుకుంది. దున్న నంబరు రాసుకున్నాను. సాయంత్రం దాకా నీడన కట్టి నీళ్లు పోశాం.

ఈ హడావుడిలోనే 13న చిన్న బర్రె ఈనింది, దున్నదూడ. మాయ నాలుగు గంటల్లో దానంతట అదే పడింది. అది పడేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు.

పశువైద్యుడు, జనగామ
జనవరి 6

అమ్మా, జనవరి 2 దాటింది. మళ్లీ ఎద వచ్చిందా?

రెండు బర్రెల ఇల్లు, శాయంపేట
జనవరి 6

డిసెంబర్ 30 నుంచి ఐదో తేదీ దాకా మళ్లీ కొట్టంలోనే పడుకున్నాను. ఏమీ కనిపించలేదు డాక్టర్ గారూ. నిలిచినట్టేనా?

పశువైద్యుడు, జనగామ
జనవరి 6

బర్రె కాబట్టి అప్పుడే నమ్మకండి, మూగ ఎద అయి ఉండొచ్చు. రెండు నెలలు నిండాక చేయి పెట్టి చూపించండి. అప్పటిదాకా మేత తగ్గించకండి.

రెండు బర్రెల ఇల్లు, శాయంపేట
ఫిబ్రవరి 15

నిన్న చూపించాను. 64 రోజులు. డాక్టర్ చేయి లోపల ఉన్నంతసేపూ నేను ఆయన ముఖమే చూస్తూ నిలబడ్డాను. సూడి నిలిచింది అన్నారు. అత్తమ్మ బర్రె నుదుటికి పసుపు కుంకుమ పెట్టింది. మా ఆయన బేరగాడికి తనే ఫోన్ చేసి, రావొద్దని చెప్పారు.

310 రోజులు లెక్క వేస్తే అక్టోబర్ 18 ప్రాంతం. కొత్త క్యాలెండర్‌లో ఇప్పుడే గుర్తు పెట్టాను. ఈసారి మాయ పడకపోతే ఎవరినీ చేయి పెట్టనివ్వను. 1962 అంకెలను కొట్టం గోడ మీద, నేను ఇంట్లో లేకపోయినా అత్తమ్మకు కనిపించేలా, బొగ్గుతో పెద్దగా రాసి పెట్టాను.